గిటారు గొంతు, బావ చెయ్యి

సభకు అధ్యక్షత వహిస్తున్న మన థియేటరు మేనేజరు గారికి, వేదిక మీదున్న సంగీతం మాస్టారికి, ఇన్నేళ్లూ వెలుగులో నిలబడిన నటీనటులకు, చీకట్లో తాళ్లు లాగి, దీపాలు తిప్పి, మేకులు కొట్టి వాళ్లను ఆ వెలుగులో నిలబెట్టిన తెర వెనక మిత్రులకు, పనులు మానుకుని వచ్చిన ఇరుగుపొరుగు వారికి, ఈ పూట మా బావగారి కోసం వాయిద్యాలు పక్కన పెట్టి ఊరికే కూర్చోవలసి వచ్చిన వాద్యబృందానికి నా నమస్కారాలు. త్వరగా ముగిస్తానని చెప్పాలని ఉంది గాని, మైకు చేతికొచ్చాక మా ఇంట్లో ఎవరూ త్వరగా ముగించిన దాఖలా లేదు. (నవ్వులు)

నన్ను ఎరగని వాళ్లకు ఒక ముక్క. ఈ రోజు విరమణ చేస్తున్న స్టీలు గిటారు వాద్యకారుడికి నేను మరదలిని. మీ అందరికీ బట్టలు కుట్టిపెట్టే కుట్టుగది అక్కయ్యకు సొంత చెల్లెలిని. ఈ వీధి చివర ఫ్యాన్లకూ మోటార్లకూ కాయిళ్లు చుట్టే వైండింగ్ షాపు నాది. సంగీతం సంగతికొస్తే, శ్రుతి తప్పిందో లేదో పక్కవాళ్ల మొహాలు చూసి తెలుసుకునే రకాన్ని. అలాంటిదాన్ని ఇక్కడ నిలబెట్టిన పాపం మా బావగారిదే. "నాకు మాటలు రావు, నా తరఫున నువ్వు మాట్లాడు మరదలా" అన్నారు. ఒప్పుకున్నాక మెల్లిగా ఒక షరతు పెట్టారు, పొగడకూడదట. సరే బావా, పొగడను. జరిగింది జరిగినట్టు చెబుతాను. అది విని వీళ్లే పొగిడితే నాకు సంబంధం లేదు. (నవ్వులు)

పదేళ్ల కిందటి మాట. ఇదిగో, ఈ వేదిక పక్కనున్న మెట్ల మీదే ఆయన కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. స్టీలు గిటారు వాయించేవాడికి కుడి చెయ్యి విరగడమంటే పాడేవాడికి గొంతు పట్టేయడం లాంటిది. ఆ గిటారును మీలో చాలామంది దూరం నుంచే చూసి ఉంటారు. మిగతా గిటార్లలా నిలబెట్టి పట్టుకునేది కాదు. ఒళ్లో పసిపిల్లలా వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఎడమ చేత్తో స్టీలు కడ్డీని తీగల మీద జారుస్తూ, కుడి చేతి వేళ్లతో మీటాలి. పైగా లోపల డొల్ల లేని దిట్టమైన చెక్క, దానంతట అది పెద్దగా పలకదు. తీగల దగ్గర పికప్ అని ఒకటి ఉంటుంది. రెండు అయస్కాంతాలు, వాటి మధ్యన వెంట్రుక కంటే సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిలు. పైన తీగ వణికితే ఆ వణుకు కాయిల్లో కరెంటై, వైరు గుండా ఆంప్లిఫయరుకు చేరితే అప్పుడు గాని మన చెవిన పడదు. ఆ గిటారుకు గొంతు అంటూ ఉంటే అది ఆ పికప్పే. వయసులో ఆ గిటారు మా బావగారి కన్నా పెద్దది. దాన్ని వాయించి వాయించి చేతులు ఉడిగిన ఒక పెద్దాయన దగ్గర కుర్రతనంలో తెచ్చుకున్నారు, ఇంత కాలం దాన్నే నమ్ముకున్నారు.

కట్టు కట్టి ఉన్నన్నాళ్లూ గిటారు ఈ థియేటరు సామాన్ల గదిలోనే ఉంది. కట్టు విప్పారు, డాక్టరు ఎముక చక్కగా అతికిందన్నారు, వేళ్ల కసరత్తులూ అయ్యాయి. ఆయన పెళ్లికొడుకులా తయారై రిహార్సలుకు వచ్చారు. అప్పుడు నడుస్తున్న నాటకం మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మూడో అంకంలో తల్లి వేషం కట్టిన ఆవిడ కిటికీ దగ్గర నిలబడుతుంది, ఒక్క మాట ఉండదు, ఆవిడ మనసులోదంతా స్టీలు గిటారు ఒక్కటే చెప్పాలి. ఆ రోజు అది చెప్పలేదు. నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది శబ్దం. ఆంప్లిఫయరు పెంచితే పాట పెరగలేదు, వెనకాల గుయ్యిమనే మోత పెరిగింది. తీగలు మార్చారు, అదే వరస. రెండు రిహార్సళ్లు అలాగే గడిచాయి.

మన మాస్టారు ఎవర్నీ నొప్పించని మనిషి. దగ్గరికి వచ్చి, "చెయ్యి ఇంకా కొత్తది కదండీ, కొన్నాళ్లు విశ్రాంతిగా వాయించండి. ఆ కిటికీ ఘట్టం ప్రస్తుతానికి వయొలిన్ మీద కానిద్దాం" అన్నారు. అందరూ అలాగే అన్నారు. కంగారు లేదన్నారు, ఈ వయసులో ఎముక నెమ్మదిగా కుదురుకుంటుందన్నారు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. అదే ఆయన్ని కుంగదీసింది. తిడితే తిరగబడొచ్చు, జాలిపడితే ఏం చేస్తాం?

మర్నాడు మధ్యాహ్నం మా అక్క షాపుకొచ్చింది. నేను ఒక పంపుసెట్టు మోటారు ముందేసుకుని కూర్చున్నాను.

"ఏమే, అది పక్కన పెట్టి లే" అంది.

"ఏమైందక్కా?"

"మీ బావ మానేస్తాడట. సోమవారం మేనేజరు గారికి చెప్పేస్తాడట. చెయ్యి పోయిందంటాడు."

"ఎముక అతికిందన్నారుగా?"

"ఎముక అతికిందే. మనిషే అతకలేదు. అన్నం ముందు కూర్చుని చెయ్యి వంకే చూసుకుంటున్నాడు."

పెళ్లయిన నాటి నుంచి మా అక్క నన్ను సాయం అడిగి ఎరగదు. నేను ఆ మోటారు యజమానికి ఒక దణ్ణం పెట్టి పంపించేసి, పనిముట్ల పెట్టె పట్టుకుని బయల్దేరాను.

గిటారూ ఆంప్లిఫయరూ అప్పటికే ఇంటికి తెచ్చేసుకున్నారు ఆయన. ముందు గదిలో పెట్టి ఉన్నాయి. "ఒకసారి వాయించు బావా" అన్నాను. కిటికీ ఘట్టమే వాయించారు. నాకు సంగీతం తెలియకపోవచ్చు గాని చప్పుడు తెలుసు. రోజంతా మోటార్ల చప్పుడు విని రోగం చెప్పేదాన్ని. ఆ గిటారు ముసుగు తన్ని పడుకుని పాడుతున్నట్టుంది.

"ఇది గిటారు జబ్బేమో బావా" అన్నాను.

"గిటారు ఎప్పటిలాగే ఉంది మరదలా. మారింది నేను."

"నువ్వు చెబితే నమ్మేస్తానా? ఫ్యాను తెచ్చిన ప్రతివాడూ కాయిలు కాలిపోయిందనే చెబుతాడు. సగం సార్లు రోగం గోడ మీది స్విచ్చులో ఉంటుంది."

మా పనిలో పద్ధతి అదే. గోడ దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కటీ కాదనుకుంటూ ఫ్యాను దాకా నడిచి రావాలి. బృందంలో మామూలు గిటారు వాయించే పొడుగాయన, అరుగో వెనక తలుపు దగ్గర నిలబడ్డారు, ఆయన ఇల్లు పక్క సందులోనే. ఆయన ఎలక్ట్రిక్ గిటారు అడిగి తెచ్చాను. అదే వైరు, అదే ఆంప్లిఫయరు. నాకు వచ్చిన పద్ధతిలో తీగల మీద ఒకసారి గీకాను. కిటికీ అద్దాలు అదిరాయి. అంటే ఆంప్లిఫయరు నిర్దోషి, వైరు నిర్దోషి. ఇక మిగిలినవి రెండే, పాత గిటారు, మా బావగారి చెయ్యి.

"పని తేలికైపోయింది బావా. ఈ గిటారు నువ్వొకసారి మీటు. చెయ్యో గిటారో క్షణంలో తేలిపోతుంది" అన్నాను ఉత్సాహంగా.

ఆయన కుడి చేతిని ఎడమ చేతి కింద దాచుకున్నారు.

"వద్దు మరదలా" అన్నారు. "అది కూడా నా చేతిలో ఇలాగే పలికితే?"

(విరామం)

ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. మా పెళ్లిచూపుల్లో మా ఆయన్ని బెదరగొట్టిన మనిషి. నేను ఆ గిటారును గోడకు ఆనించి పక్కన పెట్టేశాను. ఆయన చేతిని పరీక్ష చేసే హక్కు నాకు లేదు. గిటారును పరీక్ష చేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదనుకున్నాను.

ముందు వైరు గుచ్చే సాకెట్టు విప్పాను, అతుకులు గట్టిగానే ఉన్నాయి. వాల్యూం తిప్పే మీట చూశాను, తిప్పితే గరగర. ఆహా దొరికిందనుకుని శుభ్రం చేస్తే గరగర పోయింది, గొంతు మాత్రం పెరగలేదు. ఇక పికప్ కాయిలు. ఇక్కడ నాకు సంబరం. కాయిలు అంటే నా పుట్టిల్లు. మీటరు పెట్టాను. లోపల తీగ తెగితే ముల్లు కదలదు, చుట్లు ఒకదాన్నొకటి తాకి కలిసిపోతే ఉండాల్సిన దాని కన్నా తక్కువ చూపిస్తుంది. అది సరిగ్గా చూపించాల్సినంతా చూపించింది. నిజం చెబుతున్నాను, ఆ కాయిలు బాగుందని తెలిసి నాకు కోపం వచ్చింది. (నవ్వులు) రోగం నాకు తెలిసిన చోటే ఉండాలని నా పంతం. మీటరు అబద్ధమాడుతోందేమో, విప్పి చూద్దామని స్క్రూడ్రైవరు అందుకున్నాను.

మా అక్క చెయ్యి పట్టుకుంది. "బాగుందని చెబుతోందిగా మీటరు?"

"చెబుతోంది."

"మరి బాగున్నదాన్ని విప్పి ఏం చూస్తావే? మళ్లీ అంత సన్నంగా చుట్టగలవా?"

"అంత సన్నతీగ ఎప్పుడూ చుట్టలేదక్కా."

"అయితే దాని జోలికి పోకు. ఇంకేం ఉంది చూడు."

ఎంత ఇరుకైన చొక్కానైనా ఉన్న కుట్టు తెంపకుండా వదులు చేసే మనిషి ఆవిడ. ఆ పూట ఆవిడ నా చెయ్యి పట్టుకోకపోతే ఆ గిటారు గొంతు నా చేతుల్లోనే పోయేది.

ఇంకా ఉన్నవి అయస్కాంతాలు. ఆ పాత గిటార్లలో అవి గుర్రపు లాడాల్లా వంకర తిరిగి, అటొకటి ఇటొకటి, తీగలన్నిటినీ చుట్టి పట్టుకుని ఉంటాయి. తీగల మధ్య నుంచి స్క్రూడ్రైవరు మొన కిందకి దించి చూశాను. లాగీ లాగనట్టు లాగింది. ఏళ్లు గడిచి అయస్కాంతం చచ్చిపోయిందేమో, మళ్లీ బలం పట్టించడానికి ఎవరిని వెతకాలో అనుకుంటూ, తీగలన్నీ వదులు చేసి తీసేసి, అడుగు మరలు విప్పాను. రెండు లాడాలూ ఒకదాన్నొకటి కరిచిపట్టుకుని ఒకే ముద్దగా ఊడి వచ్చాయి. విడదీయడానికి నా శక్తి చాలలేదు, అక్క ఒక వైపు నేనొక వైపు పట్టుకుని లాగాం. విడిపోయిన ఒక్కొక్కదాన్నీ నా పెద్ద పానా దగ్గరికి తీసుకెళ్తే లటుక్కున పట్టేసింది. చచ్చిపోవడం కాదు, పులిలా ఉంది ఒక్కొక్కటీ. ఇంత బలమున్నవి కలిసి ఉన్నప్పుడు అంత నీరసమేమిటి?

అప్పటి దాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మా బావగారు ముందుకు వంగారు.

"అవి అతుక్కున్నాయా?" అన్నారు.

"చూశావుగా బావా, వేలు నలిగింది."

"అతుక్కోకూడదే! ఒకసారి మర వదులైనప్పుడు నా కళ్లతో చూశాను. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. దగ్గరికి రమ్మన్నా రావు."

నేను ఒకదాన్ని తలకిందులుగా తిప్పి రెండోదాని పక్కకు తీసుకెళ్లాను. చేతిలోంచి జారిపోయేంత గట్టిగా తోసేసింది. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రెండిటి పైకొమ్ములూ ఒకే జాతి ధ్రువాలై ఉండాలి, అప్పుడు వాటి బలమంతా నిలువునా తీగల మీదుగా, కాయిలు మీదుగా ప్రవహిస్తుంది. ఒకటి తిరగబడేసరికి కొత్త దంపతుల్లా రెండూ ఒకదాంట్లో ఒకటి లీనమైపోయి, మధ్యలో ఉన్న తీగల్ని పట్టించుకోవడం మానేశాయి. (నవ్వులు) కలిసి ఉంటే కలదు సుఖమంటారు గాని, ఆ మాట ఆ గిటారుకు చెప్పకండి. (నవ్వులు)

"అసలు దీన్ని ఎవరు విప్పారు బావా?"

ఆయన గిటారు చెక్క వంక చూశారు. అద్దంలా మెరుస్తోంది. నేనూ అప్పుడే గమనించాను. మన సెట్లకూ కుర్చీలకూ వార్నిషు వేసే పాలిష్ బాబాయి, మా బావగారి చెయ్యి బాగయ్యేలోగా గిటారును కొత్తదానిలా చేసి ఇవ్వాలని, ముచ్చటపడి, అన్నీ విప్పి, చెక్కను రుద్ది రుద్ది మెరిపించి మళ్లీ బిగించారు. దించుకోకు బాబాయ్ తల! నిన్న నేను అడిగితే చెప్పెయ్యమన్నది నువ్వే కదా. (నవ్వులు, చప్పట్లు)

ఇప్పుడు చెప్పబోయేది వినండి. రోగం దొరికింది, ఇంకా మందు వెయ్యలేదు, తన చెయ్యి సంగతి తనకింకా తెలియదు. ఆ స్థితిలో మా బావగారి నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "బాబాయికి తెలియనివ్వకు మరదలా. ప్రేమతో చేశాడు, తెలిస్తే తట్టుకోలేడు." పొగడొద్దన్నారు కాబట్టి దీని మీద నేనేమీ వ్యాఖ్యానించను.

తోసుకుంటున్న రెండు అయస్కాంతాలను మా అక్క రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకుంటే, నేను మరలు బిగించాను. కొట్లాడుకుంటున్న పిల్లలిద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టయింది మా పని. తీగలు ఎక్కించి శ్రుతి చేశారు ఆయన. గిటారు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, వేడి పెనం మీద చెయ్యి పెట్టబోతున్నవాడిలా ఒక్క తీగ మీటారు.

నేను వచ్చినప్పటి నుంచీ ఆంప్లిఫయరు ఎవరం తగ్గించలేదు. (నవ్వులు) ఇల్లు దద్దరిల్లింది. అలమారలో గ్లాసులు గలగలమన్నాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుని "ఎవరండీ అది!" అని ఒక కేక. మా బావగారు చెయ్యి మొహం ముందుకు తెచ్చుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసుకున్నారు. ఆ తరవాత ఎవరూ అడక్కుండానే లేచి, గోడకు ఆనించిన ఆ పొడుగాయన గిటారు అందుకుని, దాన్ని కూడా మీటారు. అదీ ఖంగుమంది. అప్పుడు నవ్వారు. "నా చెయ్యే మరదలా" అన్నారు, "నా చెయ్యే." మా అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ చాలా సేపు అవసరం లేని గిన్నెలు కడిగింది.

సోమవారం ఆయన మేనేజరు గారి గదికి వెళ్లలేదు, రిహార్సలుకు వెళ్లారు. అక్కడ జరిగింది మీకు తెలుసు. ఓ పక్క కూర్చుని ఆయన శ్రుతి చూసుకుంటుంటేనే వయొలిన్ అమ్మాయి కమాను కిందకి దించేసి, "మాస్టారూ, కిటికీ ఘట్టం వారిది వారికిచ్చెయ్యండి" అంది. అమ్మా, అంత హుందాగా ఒక అవకాశాన్ని తిరిగిచ్చెయ్యడం అందరికీ చేతకాదు. ఆ సాయంత్రం చిట్టచివరి వరసలో తలుపులు కాసే ఆయన, రోజూ చూసే నాటకమే అయినా, కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడట.

వారం తిరక్కుండా పాలిష్ బాబాయి నా షాపుకొచ్చారు.

"నా వల్లే కదూ?" అన్నారు.

"నీకెవరు చెప్పారు బాబాయ్?"

"ఎవరూ చెప్పలా. మీ బావకు అబద్ధం ఆడటం రాదమ్మా. కనబడ్డప్పుడల్లా పాలిష్ అద్భుతమంటాడు. ఇన్నేళ్లలో వాడు నా పాలిష్‌ని మెచ్చుకుంది లేదు. అప్పుడే అనుమానమొచ్చింది." (పెద్దగా నవ్వులు)

ఆయన బాధపడతారని మేం భయపడ్డాం. అయస్కాంతాల సంగతి చెబితే, ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, "అవి ఎలా పెట్టాలో నాకు చూపించు" అన్నారు. చూపించాను. అప్పటి నుంచి ఈ పదేళ్లలో ఆ గిటారు ఎప్పుడు విప్పినా అయస్కాంతాలు బిగించేది బాబాయే. నన్ను ముట్టుకోనివ్వరు. "నువ్వు మోటార్లు చూసుకో" అంటారు.

మిత్రులారా, ఆ సోమవారం ఈయన వెళ్లిపోయి ఉంటే, లేని జబ్బుకు తలవంచి వెళ్లిపోయేవారు. మనమంతా పాపం పెద్దాయన అనుకుని పూలగుత్తి ఇచ్చి పంపేవాళ్లం. ఈ రోజూ పూలగుత్తి ఇచ్చారు. కాని ఇవాళ వెళ్తున్న మనిషి వేరు. నిన్నటి నాటకంలో కూడా ఆయన గిటారు చివరి వరస దాకా వినబడింది. చెయ్యి బాగుంది, గొంతు బాగుంది, చాలనిపించింది కాబట్టి లేస్తున్నారు. విందులో ఆకలి తీరి లేచిన మనిషిని ఎవరూ జాలిగా చూడరు కదా. మా ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నాడని చెప్పుకోవడం నాకు గర్వం. ఆ గిటారు మళ్లీ పలకడంలో నా స్క్రూడ్రైవరుకు ఒక వాటా ఉందని చెప్పుకోవడం అంతకన్నా పెద్ద గర్వం. వినయం మా వంశంలో లేదని మొదట్లో చెప్పడం మరిచాను. (నవ్వులు, చప్పట్లు)

చివరిగా ఒక్క మాట మా అక్కతో. అక్కా, ఈ థియేటర్లో నువ్వు ఇన్ని వందల నాటకాలకు బట్టలు కుట్టావు. ఒక్కటీ ముందు కూర్చుని చూడలేదు. అంకానికీ అంకానికీ మధ్య ఎవరి గుండీ ఊడుతుందోనని సూదీ దారం పట్టుకుని లోపలే నిలబడ్డావు. ఆయన వాయించిన ప్రతి పాటా నువ్వు గోడ అవతల నుంచే విన్నావు. మేనేజరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఈ పూట కుట్టుగదికి తాళం వేశారు. తాళంచెవి నా దగ్గరుంది, అడిగినా ఇవ్వను. మొదటి వరసలో ఆ కుర్చీ నీదే, కదలకు. ఇప్పుడు కిటికీ ఘట్టం మొత్తం వాయిస్తారు బావగారు, నీకెదురుగా కూర్చుని.

ఓపికగా విన్న అధ్యక్షుల వారికి, మాస్టారికి, పెద్దలకు, మీ అందరికీ కృతజ్ఞతలు. బావా, మాట్లాడమన్నావు, మాట్లాడాను. ఇక మైకు తీసేసి గిటారు తెమ్మంటాను. నాకు సెలవు.